సదయ్య బ్యాంకుకిచ్చిన నంబరు

సదయ్య దేన్నీ ఊరికే నమ్మడు. గోదావరిఖని బొగ్గుబాయిలో ఏండ్ల తరబడి గడ్డపారలాంటి సబ్బల్‌తో పైకప్పు కొట్టి చూడటమే అతని పని. ఖంగుమంటే గట్టిది, బోలుగా మోగితే దూరం జరగాలి. మంచి అలవాటే. కానీ మహానుభావుడు ఆ సబ్బల్‌ను ఇంటికి కూడా తెచ్చుకున్నాడు.

ఖాతాలోంచి నెలనెలా కొంత డబ్బు పోతోందని ఈమధ్యే చూశాడు. ఏటీఎం కార్డు భార్య పూలమ్మ దగ్గర ఉంటుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, సదయ్య పడతానని బయల్దేరాడు. నేరుగా అడిగితే కదా! "కొత్త చీరనా?" అని ఒకరోజు, "మీ తమ్ముడు బండి కొన్నడట గద" అని ఇంకోరోజు కొట్టి చూశాడు.

పూలమ్మకు మంట నెత్తికెక్కింది. "నా మీద అనుమానముంటే మొఖం మీద చెప్పు. రేపే కాసిపేటకు మా తమ్మునింటికి పోత," అని సంచి సర్దింది.

సదయ్య తెల్లారి బ్యాంకుకు పరుగెత్తాడు. "నా పైసలు ఎవలు తీస్తున్నరో తెల్వాలె, మేడమ్."

కౌంటర్‌లో ఉన్న రాజకుమారి కంప్యూటర్ చూసింది. "ఎవలూ తీస్తలేరు కాకా. ప్రమాద బీమాకు పోతున్నయి. మీరే సంతకం పెట్టిన్రు. మీకేమన్నయితే పైసలు పూలమ్మకు వస్తయి."

గుర్తుకొచ్చింది. పోయినేడు బాయి గేటు ముందు ఎవరో బీమా కాయితాలతో బల్లేసుకుని కూర్చున్నారు. షిఫ్టు దిగిన తొందరలో, ముందున్నోడు పెట్టాడని తనూ పెట్టాడు. దేన్నీ నమ్మని మనిషి!

"మరి నాకు చెప్పాలె గద?"

"చెప్పుడు మా బాధ్యతనే. కట్ అయినప్పుడల్లా మెసేజ్ పంపినం," అని ఆమె నంబరు చదివింది.

అది గేటు ముందరి ఛాయ్ హోటల్ నంబరు. బాయిలోకి ఫోన్ పోనివ్వరు, ఇంటినుంచి ఏ కబురొచ్చినా హోటల్‌కే వచ్చేది. ఖాతా తెరిచిననాడు సదయ్య అదే రాయించాడు. ఛాయ్ పోసేటోడు బ్యాంకు మెసేజ్‌లు చదువుతాడా?

సదయ్యకు సిగ్గేసింది. "అది తీసెయ్యిండ్రి. మా ఇంటామె నంబరు పెట్టుండ్రి," అన్నాడు. ఇకనుంచి ప్రతి పైసా ఆమెకే తెలుస్తుందనుకుంటూ తేలిగ్గా ఇల్లు చేరాడు.

పూలమ్మ గడపలోనే ఉంది. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో ఫోన్.

"బ్యాంకు మెసేజ్ వచ్చింది, నీ ఖాతాకు నా నంబరు ఎక్కిందట. ఇగ నా ఫోన్‌ల గూడ కావలి పెట్టినవా?"

సదయ్య జరిగిందంతా చెప్పాడు. తప్పయిందన్నాడు. ఆమె ఆఖరిదాకా విన్నది.

"పా, బ్యాంకుకు పోదం," అంటూ చెప్పులేసుకుంది. "ఆ మేడమ్‌నే అడుగుత."

సంచి మాత్రం కింద పెట్టలేదు.