శకుంతల మేడం ఉప్పునీటి తొట్టి

అశోక్‌నగర్ శకుంతల మేడం కన్నుమూశారన్న కబురు చిక్కడపల్లి గ్రంథాలయం మెట్లమీద ఉండగా తెలిసింది. మొన్ననే ఫోన్ చేసి "నాచు తగ్గిందా?" అని గదమాయించిన మనిషి. నమ్మబుద్ధి కాక, మళ్ళీ ఫోన్ చేసి కనుక్కున్నాను. నిజమే.

నారాయణగూడలో జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఆ విదుషీమణి, తర్వాత ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్నారు. "మన ఊళ్ళె సముద్రం లేదు. బకెట్ల కలుపుకోవాలె" అనేవారు. ఆమెను చూసి శిష్యులం కొందరం ఆ పిచ్చిలో పడ్డాం. కోపం ముక్కుమీదే ఉండేది గానీ, ఎవరింట్లో చేపకు బాగాలేదన్నా ఆటో ఎక్కి వచ్చేసేవారు.

ఒకసారి మా తొట్టిలో రాళ్ళనిండా జుట్టులాంటి పచ్చనాచు అల్లుకుంది. మందు సీసా తెచ్చి మూత తీస్తుంటే ఆమె లాక్కున్నారు. "మందు పోస్తే చస్తది. చచ్చిన నాచు ఆ నీళ్ళల్లనే కుళ్ళుతది, కొత్త నాచుకు అదే బువ్వయితది. బువ్వ ఏడికెళ్ళి వస్తదో గది చూడు ముందు" అన్నారు. ఆ బువ్వ నల్లా నీళ్ళతోనే వస్తోందని తేల్చి, అవి మాన్పించి ఫిల్టర్ నీళ్ళు పోయించారు. దగ్గరుండి నా చేత్తోనే ఆ నాచంతా పీకించారు.

అంతటి ఆమె తొట్టినీ నాచు వదల్లేదు. అందులో పెంచుతున్న పగడపు జీవులు ఊపిరాడనట్టు ముడుచుకుపోయాయి. నీళ్ళు పరీక్షించారు, లైటు తగ్గించారు, లాభం లేకపోయింది. చివరికి ముందుగదిలో పేపరు పట్టుకుని కూర్చుని కాపు కాశారు. దొంగ దొరికాడు. ఆమె భర్త రాజేశ్వర్ సార్, చాయ్ తాగినప్పుడల్లా చేపలకు చిటికెడు మేత వేస్తున్నారు; అవి తినగా మిగిలింది కుళ్ళి నాచుకు బువ్వవుతోంది.

"నేను తాగుతుంటే అద్దం కాడికొచ్చి చూస్తయి. ఒక్కణ్ణే ఎట్ల తాగాలె?" అన్నారాయన.

మేమైతే ఆ పూట తిట్లు తినేవాళ్ళం. ఆయన్ని మేడం ఒక్క మాట అనలేదు. "ఇగ మీరే పెట్టుండ్రి, పొద్దున ఒక్కసారి. నేను ముట్ట" అన్నారు. చేపలకు తన చేత్తో మేత వేయడం ఆమెకు ప్రాణం. ఆ రోజునుంచీ మేత డబ్బా ముట్టుకోలేదు. నాచు మెల్లగా పోయింది, పగడాలు విచ్చుకున్నాయి. సార్ చెయ్యి రెండోసారి డబ్బామీదికి పోతే మాత్రం వంటింట్లోంచి "అయిపోయింది గదా" అని వినబడేది. ఎలా తెలిసేదో మరి.

కర్మకాండలు ముగిశాక వెళ్ళి చూస్తే తొట్టి మళ్ళీ పచ్చబడి ఉంది. చేపలు ఎక్కడున్నాయో వెతుక్కోవలసి వచ్చింది.

"ఎవరికన్న ఇచ్చెయ్యమంటున్నరు చుట్టాలు. నాకు ఇయ్యబుద్ధి అయితలేదు. బతుకుతయా బిడ్డా?" అన్నారు సార్.

"మేత ఎన్నిసార్లు వేస్తున్నరు సార్?"

ఆయన వంటింటి వైపు చూశారు. "వేస్తనే ఉన్న. వంటింట్లకెళ్ళి మీ మేడం మళ్ళ అంటదేమోనని."

నాకు దుఃఖం ఆగలేదు. కొంగు దోపుకుని నాచు తీశాను, ఉప్పు కలిపి నీళ్ళు మార్చాను. ఇప్పుడు శిష్యులమంతా వంతులవారీగా వెళ్తున్నాం. ఆ తొట్టి బతుకుతుంది. అందుకు కావలసిన విద్యంతా ఆ తల్లి మాకు నేర్పే వెళ్ళింది. సార్ చేతిని ఆపడం మాత్రం మాలో ఎవరికీ చేతకావడం లేదు.