సల్లగానే అన్న మాట

"మీరే కదక్కా ‘చల్లగానే ఎత్తు’ అన్నారు! మసి చల్లాను, వెంటనే ఎత్తాను."

"అయ్యో పాపా, సల్లగా ఉన్నప్పుడే ఎత్తమంటి! ఆరబెట్టినాక యేడి మీద ముట్టొద్దని!"

"ఫోన్లో రెండూ ఒకేలా వినపడితే నేనేం చెయ్యను?"

మేనత్త కృపామణిని బండి మీద ఇంటికి తీసుకుపోదామని వచ్చిన ఏబెల్ ఆ ల్యాబు తలుపు దగ్గరే ఆగిపోయాడు. లోపల ఆమె, పరిశోధన చేసే స్రవంతి. ఇద్దరి మధ్య బల్ల మీద ప్లాటినం రేకు, తడి అప్పడంలా ముడుచుకుపోయి, నడుమ చిరిగి.

వెంట్రుకలో పదో వంతు మందం కూడా లేని రేకు అది. ఫ్యూజన్ యంత్రంలో మండే ప్లాస్మా ఎంత శక్తిని వెదజల్లుతుందో దాంతోనే కొలుస్తారు. ఆ శక్తి తగిలిన చోటల్లా రేకు వేడెక్కుతుంది. ఆ వేడిని పరారుణ కెమెరా బొమ్మగా తీస్తుంది. మెరిసే లోహం తన వేడిని కెమెరాకు సరిగా చూపదు, అందుకే దానికి మసి పూత. పూత కృపామణి పని.

ఆమెది ఐరాల ఊరు. నాయుడుపేటలో బీరువాలకు స్ప్రే రంగు కొట్టి కొట్టి, దగ్గు ముదిరి, తిరుపతి వచ్చి ఇక్కడ కాంట్రాక్టులో చేరింది. కాలేజీ మానేసి తిరిగే ఏబెల్‌కు అన్నం పెడుతున్నదీ ఆమే. మొన్న ఊళ్లో చావుకు పోయి, పని స్రవంతికి ఫోన్లో చెప్పింది. ఏబెల్ పక్కనే ఉన్నాడు. ఆమె అన్నది "సల్లగానే ఎత్తు" అనే. ఇంకొక్క ముక్క లేదు.

ల్యాబు పెద్ద మునిప్రసాద్ సార్ రావడంతో ఏబెల్ తలుపు చాటుకు తప్పుకున్నాడు. సార్ రేకు చూసి, ఇద్దరి మాటా విన్నాడు. ఇంకో రేకు లేదు, యంత్రం దగ్గర వాళ్లు కాచుకుని ఉన్నారు.

"తప్పు ఎవరిదని తేలితే వాళ్లు ఇంక ల్యాబుకు రావద్దు. ఫోన్ చేసినప్పుడు పక్కన ఎవరున్నారు?"

"మా మేనల్లుడు సార్."

"రేపు పిలుచుకుని రా."

బయట కృపామణి బండి సీటు పట్టుకుని నిలబడింది, ఎక్కలేదు.

"ఇంక యాడన్నా పని దొరక్కుండా పోతాదా అత్తా?"

"యాడ్రా? మళ్లీ ఆ రంగు పొగలోకేనా? ఈ తూరి నేను మిగల్ను."

"మరి ఆ పిల్ల సదువు?"

"సదువుకున్న పిల్ల, ఎట్నో బతుకుతాది."

చిన్నప్పుడు అబద్ధమాడినందుకు వాడి నాలుక మీద కారం పెట్టిన మనిషి. ఇప్పుడు వాడి మొహం చూడకుండా రెండు చేతులూ జోడించింది.

"‘సల్లబడినాక ఎత్తు’ అంటినని సెప్పు నాయనా."