బొరుగులు బియ్యమేనా

హిందూపురంలో బుడన్‌బీ బొరుగులు తినని ఇల్లు లేదు. వడ్లు ఉడికించి, ఆరబోసి, దంచి, ఆ బియ్యాన్ని కాగిన ఇసుకలో వేపడం ఆమె భర్త మొహిద్దీన్ సాబ్ పని. అమ్మకం ఆమెది.

ఆ రోజుల్లో దక్షిణాది రాష్ట్రాలన్నీ బియ్యానికి ఒకటే జోన్. ఎల్లలు దాటి బియ్యం ఎటు పోయినా అడ్డు ఉండేది కాదు. బుడన్‌బీ వారం వారం బొరుగుల మూటలతో రైలెక్కి, మైసూరు రాష్ట్రంలోని గౌరిబిదనూరు సంతకు పోయేది. అక్కడ జయలక్ష్మమ్మ ఆమెకోసం పక్కన చోటు పెట్టి ఉంచేది. జయలక్ష్మమ్మ పుట్నాలు అమ్మేది. బొరుగులు కొన్నవాళ్లు పుట్నాలు కొనకుండా పోరు కాబట్టి ఇద్దరి బేరమూ ఒకటిగానే సాగేది. మధ్యాహ్నం రెండూ కలిపి, ఉల్లిపాయ తరిగి, కారం చల్లుకుని తినేవాళ్లు. ఒకరు కన్నడంలో మొదలుపెట్టిన మాటను ఇంకొకరు తెలుగులో ముగించేవాళ్లు. ఏడేళ్లు అలాగే గడిచాయి.

పందొమ్మిది వందల అరవై నాలుగు ప్రాంతంలో ఆ జోన్ విడిపోయి, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం వేరయింది. బుడన్‌బీ వాళ్లకు వడ్లు అమ్మే ఈశ్వరప్ప చాలా సంతోషించాడు. ఇక మన బియ్యం మనకే, బయటివాళ్ల పెత్తనం ఉండదు, కాగితాలు సగానికి సగం తగ్గుతాయని అందరికీ చెప్పాడు. ఏటేటా బొరుగులు వేపే బట్టీ లైసెన్సు కోసం తిరిగే బాధ తప్పుతుందని బుడన్‌బీ కూడా ఆశపడింది.

లైసెన్సు మాత్రం పోలేదు. పైగా ఆ వారమే హిందూపురం స్టేషన్లో ఆమె మూటలు ఆపారు. బియ్యం రాష్ట్రం దాటాలంటే పర్మిట్టు కావాలన్నారు. ఇవి బొరుగులని ఎంత చెప్పినా వినక, పర్మిట్లిచ్చే పెనుకొండ ఆఫీసుకు పొమ్మన్నారు.

పెనుకొండలో గుమాస్తాకు ఏ రూలు చూసినా బొరుగుల మాట కనబడలేదు. బియ్యమో, తినుబండారమో తేల్చుకోలేక ఆమెనే అడిగాడు.

"నోట్లో ఏసుకోండి స్వామీ, మీకే తెలుస్తాది," అంది బుడన్‌బీ.

ఆయన గుప్పెడు తిన్నాడు. ఇంకో గుప్పెడు తిన్నాడు. చివరికి బియ్యంతో చేసిన వస్తువని రాసి, పై అధికారి సంతకానికి మళ్లీ రమ్మన్నాడు. మూడోసారి పోతేగాని కాగితం చేతికి రాలేదు. దాన్ని జాగ్రత్తగా కొంగున కట్టుకుని గౌరిబిదనూరులో దిగితే, అక్కడివాళ్లు అది తమకు చెల్లదన్నారు. వాళ్ల పర్మిట్టు వేరే కావాలట. ఆ రోజు ఆమె సంతదాకా పోకుండానే వెనక్కి బండెక్కింది.

ఈశ్వరప్ప అంగడిలో అప్పటికే రెండు రిజిస్టర్లు పెరిగాయి. కాగితాలు తగ్గినాయా అన్నా అని ఆమె అడిగితే, ఆయన ఆ రిజిస్టర్లు చూపించాడు.

"యాడ తగ్గినాయి తల్లీ. అప్పుడు ఒకరికి జవాబు చెప్పుకుంటాంటిమి. ఇప్పుడు ఇద్దరికి చెప్పుకుంటాండాం," అన్నాడు.

మొహిద్దీన్ సాబ్ ఆ రైలు వద్దు, ఎదురు దిక్కు పోయే రైలెక్కమన్నాడు. అలా ఆమె ధర్మవరం దారి పట్టింది. అది రాష్ట్రం లోపలి ఊరే కాబట్టి పర్మిట్టు అడిగేవాళ్లు లేరు. మగ్గం గుంటలో కూచున్న నేతగాళ్లు, కండెలు చుట్టే ఆడవాళ్లు బొరుగులు బాగా కొన్నారు. నిజానికి గౌరిబిదనూరులో కంటే బేరం ఎక్కువే అయ్యేది. అయినా మధ్యాహ్నం ఒంటరిగా తినబుద్ధి కాక, చాలాసార్లు మంచినీళ్లు తాగి లేచేది.

మూడేళ్లకు ఆమె ఉండబట్టలేక, ఒక సంతరోజు ఉత్త చేతులతో గౌరిబిదనూరు పోయింది. జయలక్ష్మమ్మ జుట్టు బాగా నెరిసింది. పక్క చోటులో ఎవరో మిరపకాయలు పోసుకున్నారు.

"ఏం తెచ్చినావు బుడన్‌బీ?"

"ఏమీ తేలేదక్కా. నిన్ను చూసి పోదామని వస్తి."

జయలక్ష్మమ్మ కాస్త జరిగి తన దగ్గరే చోటిచ్చింది. బుడన్‌బీ సాయంత్రం బండి వేళదాకా అక్కడే కూచుని, ఆమె పుట్నాలు కొలిచి ఇస్తూ ఉండిపోయింది.