బుడ్డ లారీ, గాలి గొడవ

మొదటిసారి తాడు లాగినప్పుడు ఆ బొమ్మ ట్రక్కు అంత అరుపు అరుస్తుందని నాకెవరూ చెప్పలేదు. రెండు చేతుల్లో పట్టేంత బండి. పైన ఎర్ర బాడీ, కింద దాని ఒంటికి మించిన నల్ల చక్రాలు. తాడు లాగగానే తాండూరులో అక్కావాళ్ళ గల్లీ అంతా వినేలా కీచుమంది, నీలం పొగ కక్కింది. కందిపప్పు చెరుగుతున్న మా అక్క చాట వదిలేసి చెవులు మూసుకుంది. పప్పు గచ్చు నిండా పరుచుకుంది. మా బావ మాత్రం నవ్వాడు. ఆ నవ్వు కోసమే దాన్ని గోనెసంచిలో పెట్టి, స్కూటీ మీద కాళ్ళ మధ్య ఇరికించుకుని, వికారాబాదు నుంచి మోసుకొచ్చాను.

బావ అంటే అక్క భర్త. తాండూరు నాపరాళ్ళను హైదరాబాదు చేరవేసే లారీ ఆయనది. యజమానీ ఆయనే, డ్రైవరూ ఆయనే. షుగరు వల్ల ఒక కన్ను మసకబారింది. పెద్ద బండి లైసెన్సు కాగితం మీద డాక్టరు సంతకం పెట్టనన్నాడు. లారీ అమ్మేశాడు, దాంతోపాటే మాట్లాడడం మానేశాడు. ఎవరి మీదా అలక కాదు, మాట్లాడడానికి ఏమీ మిగల్లేదంతే. వీధి చివర బండి చప్పుడు వినబడితే చాలు, దాని జబ్బేమిటో ఇంట్లో కూర్చుని చెప్పే మనిషి, గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. "మీ బావ నిన్నటి సంది నాల్గు మాటలు మాట్లాడిండే. అండ్ల మూడు ‘వద్దు’లే" అని అక్క ఫోన్లో నవ్వబోయి ఏడ్చేసింది.

నాది వికారాబాదు బస్టాండు దగ్గర జిరాక్సు దుకాణం. అనంతగిరి గుట్టకు షికారుకొచ్చే హైదరాబాదు వాళ్ళలో ఒకతను, ఇంట్లో ఈ చప్పుడు పడలేకపోతున్నారంటూ ట్రక్కును అమ్మకానికి పెట్టాడు. నేను మరో ఆలోచన లేకుండా కొనేశాను. కొన్నాక ఆలోచించడం నాకు మొదటి నుంచీ అలవాటు.

ఆ మొదటి ఆదివారం అది బ్రహ్మాండంగా ఉరికింది. మూతపడ్డ పాలిషింగ్ యూనిట్ వెనక ఒక పెద్ద ఖాళీ జాగా ఉంది. నేలంతా రాళ్ళ పొడి, తెల్లగా పిండి ఆరబోసినట్టు ఉంటుంది. బావ రిమోటు పట్టుకుని ట్రక్కును తిప్పుతుంటే దుమ్ము లేచి మా ముగ్గురి తలలూ నెరిసిపోయాయి. "ఇగో మా బుడ్డ లారీ" అన్నాడు బావ. అక్కా నేనూ ఒకరినొకరు గిల్లుకున్నాం. మనిషి నోరు తెరిచాడు కదా!

రెండో ఆదివారం నుంచి మొదలైంది పరేషాన్. టాంకీ నిండుగా ఉన్నంతసేపు బాగానే పోయేది. సగం అయ్యేసరికి గొంతు పట్టుకున్నట్టు గీపెట్టి, టక్కున ఆగిపోయేది. మళ్ళీ నింపితే మళ్ళీ ఉరుకు, మళ్ళీ సగానికి ఆగుడు. ఆదివారం సెలవని పక్క యూనిట్ల కార్మికులు మా తమాషా చూడడానికి చేరేవాళ్ళు. సగం మంది కర్ణాటక వైపు నుంచి వచ్చినవాళ్ళే. ట్రక్కు ఆగిన ప్రతిసారీ అందరూ ఒక్క గొంతుతో "బంద్ ఆయ్తు!" అని అరిచేవాళ్ళు. పాపం ఎగతాళికి కాదు, సానుభూతికే. కానీ అంతమంది కలిసి సానుభూతి చూపిస్తే అది కూడా గోలే.

ఈ బండి తిండి తినే పద్ధతి వేరు. దీనికి పెట్రోలు పనికిరాదు, నైట్రో అనే గులాబీ రంగు ఫ్యూయల్ పోయాలి. లారీకి ఉన్నట్టు దీనికి పంపు ఉండదు. సైలెన్సర్ నుంచి ఒక సన్న పైపు టాంకీలోకి వెళుతుంది. ఆ పొగే టాంకీలో ఒత్తిడి పెంచి, ఇంకో పైపులోంచి ఫ్యూయల్‌ను ఇంజన్‌కు నెడుతుంది. ఇది చెప్పినప్పుడు బావ నన్ను ఎగాదిగా చూశాడు.

"పొగను మళ్ళా టాంకిలకే పంపుడేంది మరదలా? గా కంపెనోడు తాగి చేసిండా?"

"గది గట్లనే ఉంటది బావా. వీడియోలల్ల చూసిన."

"నువ్వు వీడియోల చూసినవ్. నేను బండ్ల కింద పండి చూసిన. ఇది ఎయిర్ పట్టింది, గంతే."

లారీ ఇంజన్‌కు గాలి పడితే ఎక్కడో నట్టు వదులు చేసి, చేతి పంపు కొట్టి, బుడగలు పోయేదాకా తీస్తారట. ఇక్కడ కొట్టడానికి పంపు లేదు. అయినా బావ పైపు పీకి ఊదాడు, మళ్ళీ తొడిగాడు. పైపు పారదర్శకం కాబట్టి లోపల బుడగలు వరసగా పోవడం మాకు కనిపిస్తూనే ఉంది. గాలి ఎక్కడి నుంచి దూరుతోందో మాత్రం తెలియదు. పైపులు కొత్తవి వేశాం. ఫిల్టర్ మార్చాం. ప్లగ్ మార్చాం. కార్బొరేటర్ విప్పి నేను చేతికందిన గిన్నెలో కడిగాను. అది అక్క పూజ గిన్నె. ఆ రోజు ఇంట్లో ఇంజన్ కంటే అక్కే ఎక్కువ చప్పుడు చేసింది. టాంకీ మూత చుట్టూ ఎప్పుడూ నూనె జిడ్డు ఉండేది. బావ పోసేటప్పుడు ఒలికిందేమో అనుకుని కొంగుతో తుడిచి పారేసేదాన్ని.

ఇక మిగిలింది నీడిల్. అది కార్బొరేటర్ పక్కన ఉండే ఇత్తడి స్క్రూ. వదులు చేస్తే ఫ్యూయల్ ఎక్కువ పోతుంది, బిగిస్తే తక్కువ. బావ దాని మీద వంగి, మంచి కన్ను దగ్గరగా పెట్టి, స్క్రూ డ్రైవర్ తిప్పుతూ చెవి ఒగ్గి వినేవాడు. కాస్త వదులు చేస్తే పొగ, ముక్కుతూ మూలుగుతూ నడక. కాస్త బిగిస్తే కీచుమని ఆగుడు. ఆ రెంటికీ మధ్య ఉండాల్సిన చోటు ఎంత వెతికినా దొరకలేదు.

ఒక ఆదివారం అలాగే వంగి, ఎంతోసేపు తిప్పి, ట్రక్కును వదిలాడు. అది నాలుగు అడుగులు వేసి ఆగింది. అందరూ "బంద్ ఆయ్తు!" అన్నారు. బావ రిమోటు నా చేతిలో పెట్టాడు.

"బండిది ఏం లేదు. నాదే పోయింది. కన్నొక్కటే పోయిందనుకున్న. చెవి గూడ పోయింది, చెయ్యి గూడ పోయింది. వచ్చే ఆయితారం ఒక్కటి చూస్త. గప్పుడు గూడ గిట్లనే ఆగితే, దీన్ని తీస్కపో."

నాకు కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదో తెలియక ట్రక్కును ఒక తన్ను తన్నాను. బొటనవేలు వాచింది. వారం మధ్యలో అక్క ఫోను చేసింది. "మళ్ళా గోడ దిక్కు తిరిగిండే" అంది. ఈసారి నవ్వబోలేదు కూడా. ఆ పూట దుకాణంలో ఎవరి ఆధార్ కార్డు ఎవరికి ఇచ్చానో దేవుడికి తెలుసు. ట్రక్కు ఆగితే ఆగింది, ఈ మనిషి ఆగిపోతే అక్క ఏమవుతుంది?

ఆ ఆదివారం పొద్దున్నే తాండూరు చేరాను. బావ కోడికూర కోసం బజారుకు పోయాడు. నేను స్నానాల గదిలో బకెట్టు నింపి, ట్రక్కు నుంచి టాంకీ ఊడదీసి శుభ్రంగా కడిగాను. పంక్చర్ షాపులో ట్యూబు చూసినట్టే చూద్దామని నా పథకం. అక్క టాంకీని నీళ్ళలో ముంచి ఒక పైపు మూతిని వేలితో మూసింది. నేను రెండో దానికి పక్కింటి సైకిల్ పంపు తగిలించి మెల్లగా కొట్టాను. పైపుల దగ్గర ఏమీ లేదు. అతుకుల దగ్గర ఏమీ లేదు. మూత నడి మధ్యలోంచి మాత్రం బుడబుడమని బుడగలు.

"గది వస్తది తియ్ అక్కా. గక్కడ కంపెనీ పొక్క ఉంటది" అన్నాను. ఆ చిల్లును నేను ఎన్నోసార్లు చూశాను. సరిగ్గా మధ్యలో, గుండ్రంగా, అంచులు నున్నగా.

అక్క నా మొహం చూసింది. "కంపెనీ ఏంది నీ మొకం? గది నా దబ్బనం పొక్క."

"ఏందీ?"

"మొదటి ఆయితారం నువ్వు పోయినంక మీ బావ నా బొంత కుట్టే దబ్బనం పొయ్యి మీద కాల్చి పెట్టిండు. టాంకికి గాలి ఆడాలె అన్నడు. మన మందు కొట్టే మిషన్ మూతకు ఉంటది, లూనా మూతకు ఉండె, దీనికి కంపెనోడు మర్శిండు అన్నడు. మళ్ళ బ్లేడుతోని గీకి నున్నగ చేసిండు."

నేను పంపు వదిలేసి గచ్చు మీద కూలబడ్డాను. పైన టాంకీ ఉండి ఫ్యూయల్ దానంతట అది కిందికి దిగే బండ్లకు మూతలో చిల్లు ఉండాల్సిందే. లేకపోతే ఫ్యూయల్ దిగదు. మా వైపు పొలం పనులు తెలిసిన ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. కానీ ఇది ఒత్తిడితో నడిచే బండి. ఆయన దానికి ప్రేమగా ఊపిరి పోయబోయి ఉన్న ఊపిరి తీశాడు. టాంకీ నిండుగా ఉన్నంతసేపు ఎలాగో నెట్టుకొచ్చి, సగానికి వచ్చేసరికి ఆకలితో చచ్చేది పాపం. అక్కకు ముందు నవ్వు వచ్చింది, తర్వాత నాకు. బావ వస్తే వినబడుతుందని నల్లా తిప్పి, ఇద్దరం కొంగులు నోట్లో కుక్కుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాం.

నవ్వు ఆగాక భయం పట్టుకుంది. "చెప్పకే" అంది అక్క. "అసలే చెయ్యి పోయింది అనుకుంటుండు. గా చెయ్యితోనే చెడగొట్టిన్నని తెలిస్తే ఇగ లేవడు." నా నోట్లో ఆవగింజ నానదు, ఆ సంగతి అక్కకు తెలుసు. అందుకే పూజ గిన్నె మీద ఒట్టు వేయించింది. చిల్లులో పొట్టి స్క్రూ ఒకటి దిగబిగించాను, దాని మెడకు మిగిలిన సిలికాన్ పైపులోంచి కోసిన చిన్న ముక్క తొడిగి. మళ్ళీ నీళ్ళలో ముంచితే ఒక్క బుడగ లేదు. బావ కోడికూరతో వచ్చేసరికి టాంకీ బండిలో ఉంది, మేమిద్దరం మహా పతివ్రతల్లా వెల్లుల్లి ఒలుస్తున్నాం.

సాయంత్రం ఫ్యూయల్ నేనే పోశాను, మూత ఆయన చేతికి చిక్కకుండా. బావ ఏ ఆశా లేని మొహంతో తాడు లాగాడు, నీడిల్ కొద్దిగా సర్ది రిమోటు తీసుకున్నాడు. ట్రక్కు ఉరికింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు. టాంకీ సగానికి వచ్చే వేళ కార్మికులంతా అలవాటు ప్రకారం నోళ్ళు తెరిచి సిద్ధంగా ఉన్నారు. బండి ఆగలేదు. తెరిచిన నోళ్ళు తెరిచినట్టే ఉండిపోయాయి. రాతి ముక్కల కుప్ప మీంచి ఎగిరి, గాల్లో ఒక పక్కకు ఒరిగి, మళ్ళీ చక్రాల మీదే పడి దుమ్ము లేపుకుంటూ పోయింది. నేను గంతులు వేశాను. నా వయసుకు, నా బరువుకు అది చూడముచ్చటగా ఉండి ఉండదు. అయితే నాకేం!

బావ మాత్రం నవ్వలేదు. ట్రక్కును మెల్లగా కాళ్ళ దగ్గరికి తెచ్చి నిలిపాడు.

"చప్పుడు మారింది. ఏం చేసినవ్?"

"ఏం లేదు బావా. కడిగిన, గంతే."

"కడిగితే గిట్ల మారదు. దీనికి ఇప్పుడు కడుపు నిండ అందుతుంది. ఏం చేసినవ్ చెప్పు."

చెవి పోయిందన్న మనిషి ఆ అరుపులో ఆ తేడా పట్టుకున్నాడు. నేను అక్క వైపు చూశాను. అక్క రాళ్ళ కుప్ప వైపు చూసింది. బావ వంగి మూత మీద బొటనవేలు పెట్టి తడిమాడు. స్క్రూ తల తగిలింది. వేలు అక్కడే ఆగింది.

"గిది నేను పెట్టిన పొక్క" అన్నాడు మెల్లగా. "నేనే చంపిన్నన్నట్టు దీన్ని."

ఇక ఒట్టు గిట్టు ఎక్కడ ఆగుతుంది. "నాకేం ఎరుక బావా! నేను గది కంపెనీ పొక్క అనుకున్న. గిన్ని ఆయితారాలు చూసుకుంట గూడ కంపెనీదే అనుకున్న. మిషన్ మీద కొట్టినట్టున్నది. అక్క చెప్పకపోతే ఈ జన్మల తెలుస్తుండెనా?"

బావ తల ఎత్తాడు. "కంపెనీది అనుకున్నవా?"

"అమ్మతోడు."

"ఒంటి కన్నుతోని పెట్టినగదా." చెయ్యి తిప్పి, మొదటిసారి చూస్తున్నట్టు దాన్ని చూసుకున్నాడు. "దబ్బనంతోని."

"నడిమిట్ల పెట్టినవ్ బావా. స్కేలు పెట్టి కొలిచినా గంత నడిమికి రాదు."

ముందు భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట. తర్వాత ఆయన ఆ తెల్ల దుమ్ములోనే కూలబడి, లారీ అమ్మినప్పటి నుంచీ దాచిపెట్టిన నవ్వంతా ఒక్కసారే నవ్వాడు. "ఇన్నవానే? కంపెనీది అనుకున్నదంట!" అని అక్కకు చెప్పాడు. అక్కకు చెప్పాల్సిన పనేముంది, అయినా చెప్పాడు. కార్మికుల దగ్గరికి పోయి, తెలుగు వచ్చినవాళ్ళకూ రానివాళ్ళకూ మూత ఊడదీసి చూపించి మరీ చెప్పాడు. నాకు గుండె నిండిపోయి ముక్కు కారింది.

వచ్చి రిమోటు నా చేతిలో పెట్టాడు. "నువ్వు తోలు. నేను వింట."

నేను తోలాను, అడ్డదిడ్డంగా. బావ రెండు కళ్ళూ మూసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి, బండి ఇంకా జోరు మీద ఉండగానే, "గొంతు సన్నబడ్డది. టాంకి ఒడిసింది. ఇంకొక్క చుట్టు కొడ్తది" అన్నాడు. నాకు ఏ తేడా వినబడలేదు. ట్రక్కు ఒక చుట్టు కొట్టి ఆయన చెప్పినట్టే ఆగింది, బావ కళ్ళు తెరవకుండానే అటువైపు నడిచాడు.