క్రిస్టీనా టీచరు పారాచూట్ బేరం

బ్రాడీపేటలో ఓ ఆడపిల్లల హైస్కూల్లో క్రిస్టీనా డ్రిల్లు టీచరు. మెడలో విజిలు, కాళ్ళకి తెల్ల కాన్వాసు బూట్లు, పిన్నులు పెట్టి బిగించిన కొంగు. ఆవిడ విజిలు ఊదితే మైదానంలో పిల్లలే కాదు, గేటు బయట ఆటోవాళ్ళు కూడా ఉలిక్కిపడి వరసలోకి వచ్చేవాళ్ళు. నలభై దాటిన ఈ టీచరుకి ఒక పిచ్చి ఉందని మాత్రం స్కూల్లో సగంమందికి తెలీదు. ఆవిడకి విమానంలోంచి దూకడమంటే ఇష్టం.

కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి. వాళ్ళు ఆగ్రా తీసుకెళ్ళి దూకించారు. తర్వాత పెళ్ళి, పిల్లలు, ఉద్యోగం వచ్చి పడి ఆ సరదా అటకెక్కింది. రెండువేల ఆరులో మైసూరు అవతల కొందరు రిటైరైన సైనికులు క్లబ్బు పెట్టి, మామూలు జనానికి కూడా దూకడం నేర్పుతున్నారని ఎవరో చెప్పారు. ఆ వేసవి సెలవుల్లోనే రైలెక్కింది. మరుసటేడూ వెళ్ళింది.

భర్త జయపాల్‌కి స్టూలెక్కి ఫ్యాను తుడవాలన్నా కాళ్ళు వణుకుతాయి. అతనికి బ్రాడీపేటలోనే టైపు ఇన్‌స్టిట్యూటు ఉండేది. టైపు నేర్చుకునేవాళ్ళు కరువయ్యాక మిషన్లన్నీ పాత ఇనుప కొట్టుకి తోలి, కంప్యూటర్లు పెట్టి, బోర్డు మీద నెట్ సెంటర్ అని రాయించాడు. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. భార్య ఎక్కడికెళ్ళిందని పాస్టరుగారు అడిగితే "ట్రైనింగుకండీ" అనేవాడు. అది అబద్ధం కాదని తనకి తనే సర్దిచెప్పుకునేవాడు.

రెండోసారి మైసూరు నుంచి వచ్చాక క్రిస్టీనాకి సొంత సరంజామా కొనుక్కోవాలని పుట్టింది. క్లబ్బు హెల్మెట్టు పెట్టుకుంటే ముందువాడి చెమట నుదుటి మీదికి కారేది. వీపుకి తగిలించుకునే పట్టీలేమో సన్నటి కుర్రాళ్ళకి సరిపడా బిగించి ఉండేవి. ఆవిడ సన్నటి కుర్రాడు కాదు. క్లబ్బులో నేర్పే రిటైర్డు సుబేదారు ఇమ్మానియేలుగారు చీరాలాయన. బయల్దేరే ముందు ఆయన కూర్చోబెట్టి మరీ చెప్పాడు.

"తొందరపడమాకమ్మా. ముందు హెల్మెట్టు, ఎత్తు చూపే గడియారం, బూట్లు కొనుక్కో. సంచీ సంగతి తర్వాత. ఆ సంచీలో రెండు గొడుగులుంటయ్యి. ఒకటి మామూలుది, రెండోది అది తెరుచుకోకపోతే ప్రాణం కాపాడేది. గొడుగు ఎంత పెద్దదైతే అంత మెల్లగా దింపుద్ది. నీ బరువుకి పెద్దదే కావాల."

"అంత పెద్దదా సార్?" అంది క్రిస్టీనా చిన్నబుచ్చుకుని.

"పెద్దదే. ఇంకో మాట. చేత్తో ముట్టుకోకుండా, మడతలు విప్పించి చూడకుండా ఎవడి దగ్గరా కొనమాక. అది చీర కాదు, బావుండకపోతే మార్చుకోటానికి."

ఈ మాటలన్నీ మనసులో పెట్టుకునే, స్కూలు వదిలాక సాయంత్రాలు మొగుడి నెట్ సెంటర్లో మూల కంప్యూటరు ముందు కూర్చునేది. వెతగ్గా వెతగ్గా ఓ ప్రకటన దొరికింది. విదేశంలో ఉండే బెంజమిన్ అనే కెప్టెను మోకాలి నొప్పివల్ల దూకడం మానేసి, తన పారాచూట్ సంచీని కారుచౌకగా అమ్మేస్తున్నాడట. ఫొటోలో సంచీ నీలంరంగులో నిగనిగలాడుతోంది. క్రిస్టీనా ఈమెయిలు రాసింది. తెల్లారేసరికి జవాబొచ్చింది. ఇంగ్లీషులో 'ప్రభువునందు ప్రియమైన సహోదరీ' అని మొదలుపెట్టి, మీ పేరు చూడగానే నా మనసు ఉప్పొంగింది, ఈ సంచీ మీ కోసమే దేవుడు నా ఇంట్లో ఉంచాడు, డబ్బు ముందుగా పంపితే చాలు అని రాశాడు.

జయపాల్ ఆ మెయిలు భార్య భుజం మీంచి చదివి కరిగిపోయాడు. "చూశావా, ఎంత భక్తిపరుడో! విమానాల్లోంచి దూకేవాళ్ళలో కూడా ఇట్టాంటోళ్ళుంటారా!"

"ఉండండి. భక్తి సరే, గొడుగు కొలతెంతో అడుగుదాం" అంది క్రిస్టీనా.

కొలత అడిగితే, సైజు మీడియం, లావుపాటివారికి కూడా సాగుతుంది అని రాశాడు. క్రిస్టీనా కనుబొమలు ముడిపడ్డాయి. ఏ సంవత్సరంలో తయారైందని అడిగింది. ప్రేమకి సంవత్సరాలతో పనేముంది సహోదరీ అని జవాబు. ప్రాణం కాపాడే రెండో గొడుగు పిడి ఏ పక్కన ఉంటుందని అడిగింది. దానికి బెంజమిన్ ఒక రోజంతా ఆలోచించి, మీ సౌకర్యార్థం రెండు పక్కలా ఉంటుంది అని రాశాడు.

"వీడు పారాచూట్ మొహం కూడా చూసుండడు" అంది క్రిస్టీనా. "ఆ పిడి ఎప్పుడూ ఎడం పక్కే ఉంటుందండీ. కుడి పక్కదేమో చెడిపోయిన గొడుగుని ఊడబెరకటానికి. ఏది ఎటుందో తెలియనివాడు ఎట్టా దూకాడంట?"

"పాపం, మోకాలి నొప్పిలో మర్చిపోయుంటాడేమో."

"మోకాలికీ చేతికీ ఏం సంబంధమండీ!"

ఆఖరి పరీక్షగా, ఆ రోజు పేపరు సంచీ పక్కన పెట్టి ఫొటో తీసి పంపమంది. కెమెరా నదిలో పడిపోయిందనీ, ఇంకో కెమెరా కొనుక్కోడానికి కాస్త సాయం చెయ్యగలరా అనీ బెంజమిన్ రాశాడు. క్రిస్టీనా పగలబడి నవ్వి కంప్యూటరు ఆపేసింది. జయపాల్ మాత్రం నవ్వలేదు. మనిషన్నవాడు అంత ప్రార్థన రాసి అబద్ధమెలా ఆడతాడని మూడురోజులు దిగులుగా తిరిగాడు.

ఆ దిగులు మెల్లగా పౌరుషంగా మారింది. పెళ్ళిరోజు దగ్గర పడుతోంది. భార్య రోజూ మూల కంప్యూటరు దగ్గర కూర్చుని నిట్టూర్పులు విడుస్తోంది. ఈ దేశంలో ఒక పారాచూట్ దొరక్కపోతుందా, నాది నెట్ సెంటర్ కాదా అనుకున్నాడు. ఆవిడ స్కూల్లో ఉన్న టైములో తనే వెతికాడు. ఉత్తరాదిన ఎక్కడో మిలటరీవాళ్ళు వాడి వదిలేసిన సామాను అమ్మే మనిషి ఒకడు దొరికాడు. 'సైన్యం వాడిన అసలు పారాచూట్, చాలా పెద్దది, నూటికి నూరుపాళ్ళు గ్యారంటీ' అని ప్రకటన. పక్కన, పారాచూట్ తగిలించుకుని బొటనవేలు చూపిస్తున్న సైనికుడి ఫొటో. ఇమ్మానియేలుగారు పెద్దది కావాలన్నారుగా, ఇది చాలా పెద్దదని వాళ్ళే రాశారు. పైగా ఈ మనిషి ఎక్కడా దేవుడి పేరెత్తలేదు. ఆ ఒక్క కారణంతో జయపాల్‌కి గట్టి నమ్మకం కుదిరింది. బ్యాంకుకెళ్ళి డబ్బు కట్టేశాడు.

పెళ్ళిరోజుకి ముందురోజు లారీ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. జయపాల్ స్కూటరేసుకుని వెళ్ళాడు. అక్కడ పత్తి బేలంత మూట ఉంది. స్కూటరు మీద పట్టదు. ఆటోవాడు చూసి తల అడ్డంగా ఊపాడు. చివరికి రిక్షా మీద తాళ్ళతో కట్టి, వెనకనుంచి తోసుకుంటూ ఇంటికి చేర్చాడు.

సాయంత్రం క్రిస్టీనా స్కూలు నుంచి వచ్చేసరికి హాలు నిండా మూటే ఉంది. దాని పక్కన ఇస్త్రీ చొక్కా వేసుకుని జయపాల్ నిలబడ్డాడు.

"ఏంటండీ ఇది?"

"విప్పు. నీకే."

కత్తితో కుట్లు కోసింది. లోపలినుంచి ఆకుపచ్చ గుడ్డ పొంగుకొచ్చింది. లాగుతుంటే వస్తూనే ఉంది. హాలు నిండింది, వంటింట్లోకి వెళ్ళింది, వరండా మెట్లు దిగింది. వీపుకి తగిలించుకునే పట్టీల కోసం ఆవిడ గుట్టంతా తడిమింది. లేవు. చివర్లో చెయ్యంత మందాన ఇనుప కొక్కెం ఒకటి తగిలింది.

"ఏవండీ," అంది మెల్లగా, "ఇది మనుషులది కాదు. జీపుల్ని విమానంలోంచి దించేది."

జయపాల్ మొహంలో రంగు పోయింది. "గ్యారంటీ అన్నాడే! చాలా పెద్దదన్నాడే!"

"పెద్దదన్న ఒక్క మాట మాత్రం నిజమే చెప్పాడు."

నంబరుకి ఫోన్ చేస్తే ఈ నంబరు మనుగడలో లేదంటూ ఆడగొంతు పలికింది. జయపాల్ గుడ్డ మధ్యలో కూలబడ్డాడు. క్రిస్టీనాకి ముందు కోపం వచ్చింది. చేత్తో ముట్టుకోకుండా కొనొద్దని ఇమ్మానియేలుగారు చెప్పిన మాట ఈయనకి ఎన్నిసార్లు చెప్పుంటుంది! కానీ స్టూలెక్కలేని మనిషి తన కోసం ఆకాశం కొనబోయాడని తోచి, ఆ కోపం కాస్తా నిలవలేదు. పక్కన కూర్చుని అతని భుజం మీద తల పెట్టింది. కాసేపటికి ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. గుడ్డకి ఎలకలు కొట్టిన కన్నంలోంచి చిన్నకూతురు హారిక తల బయటపెట్టేసరికి ఆ నవ్వు ఇంక ఆగలేదు.

ఆ గుడ్డ చివరికి జయపాల్ తల్లి ప్రేమమ్మ కంటబడింది. ఆవిడ నల్లపాడు అవతల కౌలుకి మిరప వేసింది. కాయలు కోయించి కల్లంలో ఎండబోసింది. మార్చిలో మబ్బు కమ్మేసరికి కాయల మీద కప్పే పట్టాల కోసం కొడుకింటికి వచ్చింది.

"ఇంత గుడ్డ ఇంట్లో పెట్టుకుని నన్ను పట్టాలు అద్దెకి తెచ్చుకోమంటార్రా? తోలండి కల్లానికి!"

"అత్తమ్మా, ఇది వాన ఆపదు. గాలీ నీళ్ళూ దూరిపోతయ్యి" అంది క్రిస్టీనా.

"కాస్త మంచన్నా ఆపుద్దిగా. కట్టండి మూట!"

ఆదివారం చర్చి అయ్యాక అందరూ కల్లానికి చేరారు. ఎర్రగా పరుచుకున్న కాయల మీద ఆకుపచ్చ గుడ్డ కప్పారు. ఒక అంచుకి రాళ్ళు పెడుతోంది ప్రేమమ్మ. రెండో అంచున మేకులు దిగ్గొట్టే పని జయపాల్‌ది. తాళ్ళన్నీ చిక్కుపడుతున్నాయని వాటిని కలిపి చేతికి చుట్టుకుని సుత్తి ఎత్తాడు.

"ఏవండీ, చేతికి చుట్టుకోమాకండి!" అని క్రిస్టీనా అరవడం, గాలి రావడం ఒక్కసారే జరిగాయి.

గుడ్డ ముందు చిన్నగా ఊపిరి పీల్చుకున్నట్టు లేచింది. తర్వాత ఒక్క ఉదుటున చర్చి గోపురమంత అయింది. రాళ్ళు దొర్లిపోయాయి. మేకులు ఊడాయి. జీపుల్ని మోసే ఆ పారాచూట్‌కి జయపాల్ ఒక లెక్కా! అతను బోర్లా పడి, ఎర్రటి కాయల మధ్య దారి చేసుకుంటూ దక్షిణంగా సాగిపోయాడు. ప్రేమమ్మ కల్లం అయిపోయి, పక్కనున్న యలమందయ్య కల్లం మొదలైంది. కాయలు ఏరుతున్న కూలీలు కెవ్వుమని లేచారు.

"ఏందయ్యా జయపాలూ! మా కాయల్లో ఈత కొడతన్నావా?" అని యలమందయ్య గావుకేక పెట్టాడు.

జవాబు చెబుదామని జయపాల్ నోరు తెరిస్తే మిరపగింజలు వెళ్తున్నాయి.

క్రిస్టీనా కొంగు బిగించి పరుగు తీసింది. మొగుడి వెంట పడలేదు. గుడ్డకి అడ్డంగా పరిగెత్తి, చుట్టూ తిరిగి ఆవలి పక్కకి వెళ్ళింది. "ఒక పక్క తాళ్ళే లాగండి! ఒక పక్కే!" అని అరుస్తూ గుడ్డ నడినెత్తిన దొరకబుచ్చుకుని గాలికి ఎదురు తిప్పింది. ఆగ్రాలో నేర్పిన పద్ధతి అదే. గుడ్డలో గాలి ఉస్సురంటూ పోయింది. ఎర్రటి మనిషి ఒకడు గట్టు పక్కన లేచి కూర్చుని తుమ్మాడు.

ప్రేమమ్మ కుండెడు పెరుగు తెచ్చి కొడుకు ఒంటికి మొత్తం పూసింది. "ఒరేయ్, నీకెందుకురా ఈ ఆటలు? నీ పెళ్ళానికైతే అలవాటు!" అని తిట్టింది. కోడలు విమానంలోంచి దూకుతుందని ఆవిడకి ఎప్పుడో తెలుసునని కొడుకూ కోడలూ అప్పుడే కనిపెట్టారు. జరిగింది చూసి చల్లబడ్డ యలమందయ్య కూడా తన కల్లంలో చెదిరిన కాయల గురించి పట్టించుకోవద్దన్నాడు. అలాంటిది చూట్టానికి టిక్కెట్టు పెట్టినా జనం వస్తారన్నాడు.

ఇంటికి తిరిగొస్తూ స్కూటరు నడుపుతున్న భార్య వెనక కూర్చున్న జయపాల్ ఇంకా తుమ్ముతూనే ఉన్నాడు. నల్లపాడు స్టేషను దాటాక అన్నాడు.

"ఒక్క క్షణం నేల వదిలాను."

"ఎంత ఎత్తు?"

"జానెడు ఉంటుంది. భయమేసింది. కానీ అదొక్కటే కాదు, ఇంకేదో కూడా అనిపించింది. దాన్నేమంటారో తెలీటంలేదు" అన్నాడు.

క్రిస్టీనా స్కూటరు కాస్త నెమ్మది చేసింది. ఆ ఇంకేదో ఏమిటో ఆవిడకి తెలుసు, కానీ ఆవిడ దగ్గరా మాట లేదు.

ఆ మేలో ఇద్దరూ మైసూరు వెళ్ళారు. క్లబ్బులో ఒక సభ్యుడు వేరే ఊరు మారుతూ తన సంచీ అమ్ముతున్నాడు. ఇమ్మానియేలుగారు గొడుగులు రెండూ పచ్చిక మీద పరిపించి, కుట్టు కుట్టూ చూపించాడు. క్రిస్టీనా మోకాళ్ళ మీద పాకుతూ తాళ్ళన్నీ వేళ్ళతో తడిమింది. జయపాల్ అయితే అనుమానపు పక్షయిపోయాడు. తయారైన సంవత్సరం రెండుసార్లు అడిగాడు. బట్టని వెలుగుకి అడ్డం పెట్టి చూశాడు. అమ్మే ఆయన గుర్తింపు కార్డు చూపించమన్నాడు. ఆయన మొహమాటపడుతూ కార్డు చూపించాక, జయపాల్ ఇమ్మానియేలుగారి వైపు తిరిగి, "సార్, తమరిది కూడా..." అన్నాడు.

"ఏమండీ!" అని క్రిస్టీనా మోచేత్తో పొడిచింది. సుబేదారుగారు పడీపడీ నవ్వి, తన పెన్షను కార్డు తీసి చేతికిచ్చాడు. జయపాల్ అది అటూ ఇటూ తిప్పి చూసి, సరేనని తిరిగిచ్చాడు.

మర్నాడు ఆవిడ కొత్తగా కొన్న పసుపుపచ్చ గొడుగుతో దూకే రోజు. జయపాల్ నీళ్ళ సీసా పట్టుకుని మైదానం అంచున నిలబడ్డాడు. విమానం చుక్కంత అయింది. దాంట్లోంచి ఇంకా చిన్న చుక్కలు రాలాయి. గొడుగులు విచ్చుకున్నాయి. పసుపుపచ్చది కనబడగానే అతను కళ్ళు దానికే అతికించి, పెదాలు కదుపుతూ ప్రార్థన మొదలుపెట్టాడు. గొడుగు వంపు తిరిగితే అతనూ వంగాడు. అది కిందికి దిగుతుంటే కన్నీళ్ళు కారిపోతున్నాయి. నేల తాకిందో లేదో పరుగెత్తికెళ్ళి, హెల్మెట్టుతో సహా గట్టిగా వాటేసుకున్నాడు.

హెల్మెట్టు లోపలినుంచి గడ్డం ఉన్న బెంగళూరు కుర్రాడొకడు బిత్తరపోయి చూశాడు.

"ఏవండీ! ఇక్కడ!"

వెనక్కి తిరిగితే, మైదానం ఆ చివర ఇంకో పసుపుపచ్చ గొడుగు పోగేసుకుంటూ క్రిస్టీనా చెయ్యి ఊపుతోంది. జయపాల్ రొప్పుతూ అక్కడికి చేరాడు.

"అయ్యో, నీకోసం చేసిన ప్రార్థనంతా వాడికి పోయిందే!"

"పోనీండి," అంది క్రిస్టీనా, ఎర్రగా కందిన మొహంతో ఆయాసపడుతూ. "వాడూ ఒక తల్లి బిడ్డేగా. నీళ్ళేవీ?"

నీళ్ళ సీసా ఆ కుర్రాడి చేతిలో ఉంది.