కాగితం తీసిన ద్రాక్ష పెట్టెలు

నూకాలు చేపల మీద పోసినట్టు ద్రాక్ష మీద ఐసు పోసిందట, అందుకే ఇరవై పెట్టెలూ కుళ్లిపోయాయట. అనకాపల్లి పళ్ల బజారంతా ఇదే మాట. చెప్పేవాళ్లలో ఒక్కరూ మా వెంట రాలేదు. నేను వెళ్లాను కాబట్టి నా మాట వినండి.

నూకాలు ఏళ్ల తరబడి మా వీధికి చేపలు తెచ్చిన మనిషి. మోకాళ్లు అరిగి, గంప మొయ్యలేక పళ్లలోకి దిగింది. మాడుగులలో పెళ్లి వంటలు చేయించే ఒకాయన, ఈసారి సరుకు బాగుంటే ఇకపై ప్రతి పెళ్లికీ ఆమె దగ్గరే తీసుకుంటానన్నాడు. కాదంటే మళ్లీ గంపే. చదువుకున్నదాన్ని కదా అని నేను తోడు బయల్దేరాను.

ద్రాక్ష కొనడానికి ఉదయం ఆరుంపావుకి విశాఖ ప్యాసింజరు ఎక్కాం. ఎదుటి సీటులో ముసలాయన నూకాలును గుర్తుపట్టాడు.

"సేపలమ్ముకునేదానివి, పళ్లేటే నీకు?"

"రెండూ సలవలోనే బతుకుతాయి మావా. నువ్వే ఎండకి వొడిలిపోయేవు."

బోగీలో అందరూ నవ్వారు.

విశాఖలో ఇడ్లీ తిని, ఆటోలో కోల్డ్ స్టోరేజీకి చేరేసరికి ఎనిమిదిన్నర. లోపల వణికించే చలి. సూపర్‌వైజరు ఒక పెట్టె తెరిచాడు. గుత్తుల కాడలు కోసిన రోజులాగే పచ్చగా ఉన్నాయి. చుట్టూ పాలిథీన్, పైన ఒక తెల్ల కాగితం.

"బూజు రాకుండా ఉండేది ఈ కాగితం వల్లేనమ్మా. దీన్ని తియ్యకండి. చల్లదనం తెగనివ్వకండి."

పదింటికి రావలసిన వ్యాను పన్నెండున్నరకి వచ్చింది. అంతసేపూ పెట్టెలు బయట రేకుల కింద ఉడికాయి. అనకాపల్లిలో నూకాలు ఇంటికి చేరి తెరిస్తే పాలిథీన్ లోపలంతా చెమట. అగ్గిపుల్ల గీసినట్టు ఘాటు.

"మూసేద్దామమ్మా. తియ్యద్దన్నాడు గదా ఆ బాబు."

"నేను కెమిస్ట్రీ చదివాను నూకాలూ. అది గంధకం. పిల్లలు తినే పండు మీద అదెందుకు? తీసెయ్."

ఇరవై కాగితాలూ తీసేసింది. తీశాక భయపడింది. "కాయితం నేదు, సలవైనా ఉండాలి గదమ్మా" అంటూ గుత్తులను చేపల థర్మోకోల్ పెట్టెల్లోకి మార్చి ఐసు పోసింది. తనకు తెలిసిన ఉపాయం అదొక్కటే.

మర్నాడు ఎనిమిదింటికి ఆటోలో మాడుగుల చేరాం. వంటలాయన ఒక గుత్తి ఎత్తాడు. చేతికి కాడ మాత్రమే వచ్చింది. పళ్లు అడుగునీళ్లలో తేలుతున్నాయి. కొన్ని పగిలాయి, కొన్నిటికి బూడిదరంగు బూజు.

"ఇదేటి, పులుసెట్టమంటావా? ఐసు పోసేవా?"

"పోసేను బాబూ."

"తీసుకుపో. మరి రాకు."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఒక్కొక్క పెట్టెకీ మూత పెట్టడం మొదలుపెట్టాను.

పదిన్నరకి తిరుగు బస్సు దొరికింది. నూకాలు మోకాళ్లు నొక్కుకుంటూ కూర్చుంది. "రేపటినుంచి సేపలకే ఎల్తానమ్మా. మీకేటి తెమ్మంటారు?"

ఈ దారిన ద్రాక్ష తేబోయేవాళ్లకి రెండు ముక్కలు చెప్పాలనుకున్నాను. నాకే తెలియందే ఏం చెప్పను? ఆ పళ్లు రేకుల కింద పాడయ్యాయో, నా మాట వల్లో, ఐసు వల్లో తేల్చేవాళ్లు దొరకలేదు. దొరికినా మాడుగుల బేరం తిరిగి రాదు. బజారంతా ఐసు, ఐసు అని ఆడిపోసుకుంటుంటే నూకాలు తల వంచుకుని వింటోంది. కాగితం తీయించింది నేనని ఇంతవరకూ ఒక్కరితోనూ ఎందుకు చెప్పలేదు?