తొక్కిన చుట్ట

ఏ ఊరు వెళ్లినా ముందు చుట్టల కొట్టు వెతుక్కోవడం నా అలవాటు. మదనపల్లె నుంచి కుప్పం వెళ్తూ, ఆ అలవాటు కోసమే పుంగనూరులో బస్సు దిగాను. బస్టాండు ఎదుట మునెమ్మ అనే పెద్దావిడ కొట్టులో కూర్చుని చుట్టలు చుడుతోంది. ఒకటి కొని వెలిగించాను. నాలుగు దమ్ములకే ప్రాణం లేచొచ్చింది. ఒక కట్ట ఇమ్మన్నాను. ఆమె కట్ట కడుతుండగానే కుప్పం బస్సు వచ్చింది. చేతిలో ఉన్న చుట్టను కింద పడేసి చెప్పుతో నలిపాను.

ఆమె చేతులు ఆగిపోయాయి.

"యాలప్పా తొక్కినావు? పొద్దన్నించి నడుము వంచి సుడతాండాను. మా పుంగనూరులో ఎవురూ సుట్టను తొక్కరు. గోడకు అదిమి ఆర్పుకోని, మిగిలింది సెవి సందున పెట్టుకుంటారు."

"డబ్బులిచ్చి కొన్నాను. నా చుట్ట, నా ఇష్టం."

"అట్లయితే పోయి సిగరెట్లు కొనుక్కో. తొక్కేటోళ్లకు నేను సుట్టి ఇయ్యను," అంటూ కట్టను వెనక్కి పెట్టేసుకుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్ని ఊళ్లు తిరిగి చుట్టలు కాల్చినవాణ్ని, నాకు చుట్ట ఆర్పడం ఈమె నేర్పుతుందా? తిట్టుకుంటూ బస్సెక్కాను. పలమనేరు దాటినా ఆ మంట చల్లారలేదు.

కుప్పంలో పని ముగించుకుని, బస్టాండు దగ్గర ఇంకో చుట్ట కొన్నాను. సగం కాల్చేసరికి తిరుగు బస్సు వచ్చింది. కింద పడేయబోయాను. చెయ్యి ఆగింది. పళ్లు కొరుక్కుంటూ గోడకు అదిమి ఆర్పి, మిగిలిన సగాన్ని చెవి సందున పెట్టుకుని బస్సెక్కాను.

కండక్టరు నా చెవి వైపు చూసి నవ్వాడు.

"మీదీ పుంగనూరేనా అప్పా?"

కాదని అతని మీద గట్టిగా అరిచాను.